మంజీర గొట్టం పక్కన రత్నం ఊరు

మా కోనసీమ నుంచి హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినారు చూసి, గాజులు కొనుక్కుని, బిరియానీ రుచి చెప్పుకుంటూ తిరిగొస్తారు. నేను అవేవీ చేయలేదు. రైలు దిగి, నేరుగా పటాన్‌చెరు మీదుగా పోయే బస్సెక్కి, సంగారెడ్డి రోడ్డు పక్కన ఒక చిన్న ఊరికి వెళ్ళి వచ్చాను. అక్కడ చూడటానికేముందని ఆసుపత్రిలో తోటి నర్సులు అడిగారు. రాళ్ళున్నాయని చెప్పాను. రత్నం ఉందని కూడా చెప్పాలి గానీ, ఆ మాట ఎత్తితే డ్యూటీ మధ్యలో ఆపలేను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

రత్నం, నేను ఒకే మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకున్నాం. హాస్టల్లో మా మంచాలు పక్కపక్కన ఉండేవి. తెలంగాణ నుంచి వచ్చింది తనొక్కతే. "ఏంది", "గిట్ల", "జెర ఆగు" అని తను మాట్లాడుతుంటే మేం ముసిముసిగా నవ్వేవాళ్ళం. తను మాత్రం పగలబడి నవ్వేది. తల పూర్తిగా వెనక్కి వాల్చి, జడ నేలకు తగిలేలా నవ్వేది. చదువయ్యాక, అరవైల మొదట్లో, సొంత ఊరికే నర్సమ్మగా వెళ్ళిపోయింది. అక్కడే బడిపంతులు దేవదానాన్ని పెళ్ళి చేసుకుంది. నేను గోదావరి కాలువల పక్కనే ఉండిపోయాను. నాకు పెళ్ళి కాలేదు. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. ఏటా వేసవిలో రత్నం దగ్గరికి వెళ్ళాలనుకునేదాన్ని. ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అలా పదేళ్ళు పైనే గడిచాయి. ఆ ఏడు మాతో చదివిన ఒకావిడ కనిపించి, "రత్నం నిన్ను అడిగింది. ఎలాగైనా ఒకసారి వచ్చి పొమ్మంది" అని చెప్పింది. ఎందుకో మరి ఆవిడ అంతకు మించి మాట్లాడలేదు. ఆ వారమే సెలవు పెట్టి, వస్తున్నానని రత్నానికి ఉత్తరం రాశాను.

పటాన్‌చెరు

నగరం దాటగానే రాళ్ళు మొదలయ్యాయి. ఒక గుండు మీద ఇంకో గుండు, దాని మీద మరొకటి, ఎవరో పేర్చి వదిలేసినట్టు. మా వైపు పొలం దున్నితే గులకరాయి తగలదు. గోదారి తెచ్చిపోసిన ఒండ్రు మట్టే అంతా. అందుకని బస్సు కిటికీలోంచి ఆ గుట్టలను నోరు తెరుచుకుని చూశాను. గుట్టల మధ్య కొత్తగా లేస్తున్న కర్మాగారాల గోడలు, పొగగొట్టాలు, ఖాకీ చొక్కాలతో సైకిళ్ళ మీద పోయే జనం. బస్సులో సగం మంది హిందీలో మాట్లాడుతున్నారు. నా పక్కనున్న కుర్రాడు బీహారు నుంచి వచ్చాడట, వెల్డింగు పని.

పటాన్‌చెరులో బస్సు ఆగితే చాయ్ తాగడానికి దిగాను. మేం టీ అంటాం, పలచగా కాస్తాం. ఇక్కడి చాయ్ చిక్కగా, నోట్లో కాసేపు నిలబడేలా ఉంది. దాంతోపాటు ఉప్పు బిస్కెట్టు ఇచ్చారు. మంచినీళ్ళడిగితే హోటలాయన, "మీఠా పానీ కావాల్నా, ఖారా పానీ కావాల్నా అమ్మా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "తియ్యనీళ్ళకు పైసలైతయ్. బండి మీద వస్తయ్. చేతులు కడుక్కునేటందుకు ఉప్పగుండే ఖారా నీళ్ళు ఊరికెనే" అని చెప్పాడు. నీళ్ళు కొనుక్కుని తాగడం నాకు అదే మొదలు. చుట్టం ఇంటికొస్తే కాళ్ళకు చెంబులతో నీళ్ళు ఒంపే ఊరి దాన్ని. ఆ గ్లాసు చుక్క మిగలకుండా తాగాను.

సంగారెడ్డి

దిగాల్సింది ముత్తంగిలో. రాత్రంతా రైల్లో నిద్ర లేకపోవడంతో కన్ను మూతపడింది. కండక్టరు అరిచాడో లేదో తెలియదు. మెలకువ వచ్చేసరికి సంగారెడ్డి. పొద్దు వాలుతోంది. తిరిగి వెళ్ళినా ముత్తంగి నుంచి ఊరికి ఒంటరిగా నడవాలి. నా పెట్టె పక్కన దిక్కులు చూస్తూ నిలబడితే, అదే బస్సులోంచి దిగిన ఒక పెద్దావిడ వచ్చి పలకరించింది. తెల్ల దుపట్టా, నోట్లో పాన్. పేరు ఖాదర్‌బీ. బజార్లో కొడుకుకి లాంతర్లు, స్టవ్వులు బాగుచేసే దుకాణం ఉందట.

"పరేషాన్ గాకు బిడ్డా. రేపు పొద్దుగాల పోదువుగని. మా ఇంట్ల పండు" అంది.

ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంటికి మా వైపు ఆడవాళ్ళు వెళ్ళరు. నేను వెళ్ళాను. ఖట్టీదాల్, అన్నం, పక్కన వేయించిన ఎండుమిరపకాయ. చింతపులుసుతో చేసిన ఆ పప్పు ఇప్పటికీ నాకు సరిగ్గా కుదరదు. వాళ్ళింట్లో రెండు కుండలున్నాయి. తాగే కుండకు మాత్రం ఎర్రగుడ్డ చుట్టి ఉంది. ఖాదర్‌బీ అందులోంచి నాకు నీళ్ళిస్తూ, "మంజీర నీళ్ళు" అంది, ఇంటికి వచ్చిన బంధువును పరిచయం చేస్తున్నట్టు.

మంజీర అక్కడికి దగ్గరే. ఏటి మీద ఆనకట్ట కట్టి, ఆ నీటిని పెద్ద పెద్ద ఇనప గొట్టాల్లో హైదరాబాదుకు పంపుతున్నారు. గొట్టం రోడ్డు వెంబడే పోతుందని, రేపు బస్సులోంచి చూడమని ఆవిడ చెప్పింది. నేను రత్నం ఊరి పేరు చెప్పాను. ఆవిడ పాన్ నమలడం ఆపింది.

"ఆ ఊర్ల నీళ్ళు తాగకు బిడ్డా. మా ఆడబిడ్డ బిడ్డను ఆడికే ఇచ్చినం. దాని మోకాళ్ళు వంగిపోయినయ్" అంది. పొద్దున్నే నా సంచిలో నీళ్ళు నింపిన సీసా పెట్టి, గుడ్డతో మూతి బిగించింది.

ముత్తంగి నుంచి నడక

ముత్తంగిలో దిగి బండ్లబాట పట్టాను. రోడ్డు పక్కనే గొట్టం కనిపించింది. నల్లటి తారు పూసి, సిమెంటు దిమ్మెల మీద పడుకోబెట్టినట్టుంది. మనిషి ఒంగి దూరేంత లావు. అటూ ఇటూ పొలాలు నెర్రెలిచ్చి ఉన్నాయి.

కొంత దూరం పోయాక వెనక నుంచి సైకిలు మీద ఒకతను వచ్చాడు. హ్యాండిలుకు నూనె డబ్బా వేలాడుతోంది. నా పెట్టె చూసి దిగి, దాన్ని వెనక కట్టుకుని నాతోపాటు నడిచాడు. యాదయ్య, కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసి వస్తున్నాడు.

"డబ్బాలో నూనెనా?" అన్నాను.

"నీళ్ళమ్మా. కంపెనీల నల్లా ఉన్నది. నా భార్యకు ఏడో నెల. నర్సమ్మ చెప్పింది, బోరింగ్ నీళ్ళు అస్సలు తాపియ్యొద్దని. రోజు గిట్లనే తెస్త" అన్నాడు. నవ్వితే పై పళ్ళ మీద గోధుమరంగు గీతలు కనిపించాయి. వెంటనే పెదాలు మూసేశాడు.

రత్నం మాట ఊళ్ళో అంతగా సాగుతోందన్నమాట. సంతోషంగా నడక వేగం పెంచాను.

రత్నం ఇల్లు

వాకిట్లో ఒకామె నాకు వీపు పెట్టి నిలబడి బట్టలు ఆరేస్తోంది. "రత్నం!" అన్నాను. ఆమె తల తిప్పలేదు. మనిషి మనిషంతా, పాదాల నుంచి, మెల్లగా నా వైపు తిరిగింది. మెడ కర్రలా బిగుసుకుని ఉంది. భుజాలు కొంచెం ముందుకు వంగాయి. ముఖం మాత్రం అదే.

"కరుణా! నిన్న వస్తవనుకున్న. ఏడ వోయినవే?" అంది.

దగ్గరికి తీసుకున్నాను. ఆమె తల నా భుజం మీదికి వాలలేదు. నేనే ఒంగి నా చెంప ఆమె చెంపకు ఆనించాను. నేను ఏడుస్తుంటే నా వీపు నిమురుతూ, "ఏంది గిది, చిన్నపిల్లలెక్క. జొన్నరొట్టె చేసిన, తిందువు రా" అంది.

జొన్నరొట్టె, పచ్చిపులుసు. పప్పు అక్కర్లేకుండా, పొయ్యి మీద పెట్టకుండా చేసే పులుసు మాకు తెలియదు. ఉల్లిపాయ పంటికి తగులుతుంటే రెండోసారి పోయించుకున్నాను. దేవదానం మాస్టారు బడి నుంచి వచ్చి, "బాగున్నరా అక్కా" అని పలకరించి పక్కనే కూర్చున్నారు. పెద్దమ్మాయి సుజాతకు పదకొండేళ్ళుంటాయి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది. చిన్నది శాంతికి నాలుగో ఏడు నడుస్తోంది. అది అమ్మ పక్కనే తిరుగుతూ, అమ్మ అడగకముందే కిందపడ్డ చెంచా తీసి ఇస్తోంది, చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెడుతోంది. రత్నం తల వంచి నేలను చూడలేదు. ఆ పని శాంతిది.

తిన్నాక రత్నం నన్ను ఊరి చివరకు తీసుకెళ్ళి పాత మెట్లబావి చూపించింది. సగం రాళ్ళతో పూడ్చేశారు.

"హాస్టల్ల మస్తు చెప్పేదాన్ని గదా, మా బావి నీళ్ళు, మా బావి నీళ్ళని. గిదే" అంది.

తను ఊరికి వచ్చిన కొత్తల్లో ఆ బావిలో దిగి నీళ్ళు ముంచుకున్న వాళ్ళందరికీ నారికురుపులు. కాలి మీద పొక్కు లేచి, అందులోంచి దారంలా పురుగు బయటికి వచ్చేది. నాట్ల కాలంలో సగం ఊరు మంచాల మీదే. రత్నం ఆఫీసుల చుట్టూ తిరిగి బోరింగు వేయించింది. లారీ మీద యంత్రం వచ్చి బండరాయిని రోజుల తరబడి తొలిచింది. చల్లటి నీళ్ళు, అద్దంలా ఉన్న నీళ్ళు, చేతిపంపులోంచి పడ్డాయి. ఊరంతా కొబ్బరికాయలు కొట్టారు. చర్చిలో ప్రార్థన చేశారు.

"నారికురుపు పోయింది కరుణా. మల్ల రాలే. గది నిజమే" అంది రత్నం. "ఇంకోటి వస్తదని ఎవలకెరుక? పిల్లలకు పాలపళ్ళు ఊడి కొత్తయి వచ్చినంక చూసినం. సుజాతకు పచ్చగ, గీతలు గీతలు వచ్చినయ్. బొగ్గుతోని, బూడిదతోని తోమిపిచ్చిన. పోతయా? తర్వాత పెద్దోళ్ళకు నడుములు పట్టేసినయ్. నగరం నుంచి డాక్టర్లు వచ్చి సీసాలల్ల నీళ్ళు తీస్కపోయిన్రు. రాయిలనే ఉన్నదట, ఫ్లోరైడు. నీళ్ళు లోపల్నే ఉండి ఉండి రాయిని నాకుతయట. మీదికి రుచి తెల్వది, రంగు తెల్వది."

"కాచి తాగితే?" నేనూ నర్సునే, ఆ మాటే మొదట వచ్చింది.

"కాస్తే ఇంకింత చిక్కనైతది. నీళ్ళు మారాలె, అంతే. మాత్ర లేదు దీనికి."

దారిలో చూసిన ఆ గుండ్లు గుర్తొచ్చాయి. ఎంత ముచ్చటపడి చూశానో. మా ఊరి ఒండ్రు మట్టి ఏ పుణ్యమూ చేసుకోలేదు, ఈ రాయి ఏ పాపమూ చేయలేదు. ఎవరు ఏ నేల మీద పుట్టారన్నదే తేడా.

గొట్టం దగ్గర

మర్నాడు పొద్దున బిందెలు పట్టుకుని మేమంతా గొట్టం దగ్గరికి వెళ్ళాం. ఒకచోట గొట్టం మీద ఇనప మూత ఉంది, దాని బిగింపులోంచి నీళ్ళు కారుతుంటాయి. అప్పటికే ఆడవాళ్ళు వరసలో కూర్చున్నారు. పడీ పడనట్టు కారే ఆ నీళ్ళకు ఒక్కో బిందె నిండేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. కాపలా మనిషి వచ్చి కసిరేవాడట. రత్నం వెళ్ళి మాట్లాడాక చూసీ చూడనట్టు పోతున్నాడు. ఊరందరికీ చాలవు గనక చూలింతలకు, చంటిపిల్లలకు ముందు పట్టాలని రత్నమే కట్టడి పెట్టింది. వరసలో తోపులాట లేదు. ఆమె వస్తుంటే జరిగి చోటిచ్చారు.

శాంతి గొట్టానికి చెవి ఆనించి, "పెద్దమ్మా, ఇను" అంది. నేనూ ఆనించాను. లోపల ఏరు హోరుమంటోంది. ఒక నది మొత్తం మా చెవి పక్కనుంచి నగరానికి పరుగెత్తిపోతోంది.

రత్నం గొట్టం నీడలో నిటారుగా కూర్చుని, ఎదురుగా ఉన్న గుట్టను చూస్తూ అంది: "నిన్ను ఎందుకు పిలిచిన్నో చెప్తా. శాంతిని తీస్కపో."

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను.

"దీని ఎముకలు ఇప్పుడిప్పుడే గట్టిపడుతున్నయ్. కొత్త పళ్ళు చిగుళ్ళల్లనే ఉన్నయ్. గీ కారే నీళ్ళను నమ్ముకోని ఎన్నొద్దులుంట? రేపు మూత బిగిస్తే? మీ తాన కాలువ నీళ్ళున్నయ్. మాస్టారు, నేను మాట్లాడుకున్నం."

"మరి మీరంతా రాకూడదూ? మాస్టారికి ఎక్కడైనా బడే కదా."

"మేం పోతే ఊరోళ్ళకు ఎవలు చెప్తరు? బోరింగ్ నీళ్ళు తాపియ్యకున్రని నేను చెప్తనే ఇంటున్నరు. నేనే తాగమని చెప్పిన గద ముందు." గుట్ట మీంచి చూపు తిప్పకుండానే అంది: "నేనీడ ఉండాలె."

నిజం చెప్పాలంటే నా గుండె ఎగిరింది. ఆ ఖాళీ ఇంట్లో ఒక పిల్ల అడుగుల చప్పుడు వినిపించింది. స్నేహితురాలి కడుపుకోత పక్కనే కూర్చుని నేను ఆశపడుతున్నాను. రెండూ ఒక్కసారే ఎలా ఉంటాయో నాకు తెలియదు, ఉన్నాయి. "దాన్ని నా ప్రాణంలా చూసుకుంటా" అన్నాను. రత్నం నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు సరిగా ముడుచుకోలేదు.

తిరుగు బస్సు

ఇంకో రెండు రోజులుండి బయల్దేరాను. ముత్తంగి దాకా అందరూ వచ్చారు. శాంతికి కొత్త గౌను తొడిగారు. రైలెక్కుతానని దారంతా గంతులేసింది. సుజాత దాని మూట మోసింది.

బస్సు దూరంగా కనిపించింది. రత్నం వంగలేదు గనక మాస్టారు శాంతిని రోడ్డు పక్కన మైలురాయి మీద నిలబెట్టారు. అప్పుడు తల్లీ కూతుళ్ళ ముఖాలు ఎదురెదురుగా వచ్చాయి. రత్నం దాని నుదురు, కళ్ళు, బుగ్గలు ముద్దుపెట్టుకుంది. అమ్మ రావడం లేదని శాంతికి అప్పుడు అర్థమైంది.

"నేను పోను" అంది.

"పోవాలె బిడ్డా."

"నీ చెప్పులు ఎవలు సూస్తరు? ముల్లుంటే ఎవలు సూస్తరు?"

మాస్టారు అటు తిరిగి నిలబడ్డారు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు జల్దీ, జల్దీ అంటున్నాడు. నేను చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఆ పిల్లను అక్కణ్ణించి ఎత్తుకునే ధైర్యం నాకు రాలేదు. "వద్దులేవే రత్నం, ఉండనీ" అని కూడా అన్నాను.

అప్పుడు సుజాత మూట కింద పెట్టి ముందుకొచ్చింది. మొదటిసారి నోటి మీద చెయ్యి తీసేసి, గీతల పళ్ళన్నీ కనిపించేలా చెల్లెలితో అంది: "నేను సూస్త. చెప్పులు నేను పెడ్త, ముల్లు నేను సూస్త. నువ్వు పో. మంచి నీళ్ళు తాగు."

శాంతి అక్క నోటి వైపు చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ నా వైపు చాచింది.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. చెయ్యి ఊపుతూ ముగ్గురూ నిలబడి ఉన్నారు. మేం మలుపు తిరుగుతుంటే, మమ్మల్ని చూడటానికి రత్నం పాదాలతో సహా మెల్లగా తిరుగుతోంది.

ఇప్పుడు

ఇది జరిగి మూడేళ్ళయింది. ఆ ఊరికి మంజీర నీళ్ళు ఇంకా రాలేదు. అర్జీలు పెడుతున్నారట. ఏటా క్రిస్మస్‌కు మాస్టారు ఒక్కరే సకినాల డబ్బా పట్టుకుని వస్తారు. అంత దూరం రైల్లో కూర్చోవడం రత్నం వల్ల కాదు. సుజాత అమ్మను విడిచి రాదు. సెలవులకు శాంతిని తీసుకొస్తానంటే రత్నం ఒప్పుకోదు, ఎముకలు ముదిరేదాకా వద్దంటుంది. ఆదివారాలు చర్చిలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను తల వెనక్కి వాల్చి నవ్వే ఆ హాస్టల్ పిల్లను చూస్తుంటాను. ఇక్కడ కాలువ నిండా నీళ్ళు. బట్టలుతుకుతాం, గేదెల్ని కడుగుతాం, మిగిలింది సముద్రంలోకి పోతుంది. చూస్తూ నిలబడలేక ఇంట్లోకి వచ్చేస్తాను.

పోయిన నెల శాంతికి ముందరి పాలపన్ను ఊడింది. కొత్త పన్ను ఎలా వస్తుందోనని రోజూ దాని నోరు తెరిపించి చూశాను. నిన్న బాగా బయటపడింది. పంటి అంచున సుద్ద రాసినట్టు సన్నని గీతలున్నాయి. అవి అక్కడ తాగిన నీళ్ళవి. కింద, చిగురు దగ్గర, నిగనిగలాడే తెలుపు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అది నా చేతిలోంచి అద్దం లాక్కుని, వెలుతురు దగ్గరికి పోయి, పెదవి కిందికి లాగి చూసుకుంది. గీతల మీద వేలితో రాసింది.

"పోతయా పెద్దమ్మా?"

"పోవమ్మా" అన్నాను.

అద్దంలోకి మరోసారి చూసి, ముఖమంతా విప్పారి, "అక్క పళ్ళ లెక్కనే ఉన్నయ్" అంది.